నీళ్లకు వేరే కాగితం

నిజ్వా దాటినంక, ఖర్జూరం తోటల అంచున
కట్టె పట్టుకొని నిలబడ్డ.
కట్టె కొసకు అద్దం.
అద్దం దిక్కు దూరం నుంచి చూసే ఒంటికన్ను మిషను.
"కదలకు" అంటడు సర్వేయరు హిలాల్.
ఏడేండ్ల సంది నా కొలువే అది:
పరాయి భూమి మూలల మీద
కదలకుండ నిలబడుడు.

నాలుగు ఇనుప మేకులు దిగ్గొడితే
మన్నుకు నంబరొస్తది.
క్రోకీ అంటరిక్కడ ఆ నక్షను.
ఆ తర్వాత ముల్కియా.
అది చేతుల పడంగనే
కండ్లకద్దుకున్నోళ్లను చూసిన,
మడిచి జేబుల పెట్టుకొని
చాయ తాగవోయినోళ్లనూ చూసిన.

కొత్తల అరబ్బీ ఒక్క ముక్క రాదు నాకు.
కని ఆఫీసుల మాటలు చెవిన పడ్డనాడు
నవ్వాగలే.
హక్కు అంటున్నరు. హద్దు అంటున్నరు.
మాలిక్, వారిస్, దావా, రెహన్.
ఇవన్ని మా కోరుట్ల కచేరిల
చిన్నప్పటి సంది విన్నయే గద!
రొట్టెనేమంటరో తెల్వకముందే
కొట్లాట మాటలన్ని వచ్చే ఉన్నయి నాకు.

ఇయ్యాల పాత తోట కొలుస్తున్నం.
కొన్నాయన విల్లా కడతడట.
అమ్మినామె మౌజా, ఎనభై దాటినయేమో,
కర్ర పొడుచుకుంట వచ్చి
నా మేకు పక్కనే గొంతుకూసున్నది.
హిలాల్ కాగితం చదివిండు:
భూమి అమ్మకం. చెట్లు అమ్మకం.
ముసలామె వేలెత్తింది:
"నీళ్లు అమ్మలే."

ఫలజ్ కాలువల ఆమెకు
వారానికొక అథర్, అంటే అద్దగంట పారకం.
తల్లికి మహరు కింద వచ్చిన అద్దగంట.
భూమికొక కాగితం,
నీళ్లకు వేరే కాగితం.
మడి పోయినా నీళ్లు నిలుస్తయట.
జానెడు జాగ లేనోళ్లకు గూడ
అద్దగంట ఉండొచ్చట.

"నీళ్లు లేని తోట నేనేం జేసుకోను?"
కొన్నాయన గునిసిండు.
"కిరాయికి తీస్కో" అన్నది మౌజా,
చెప్పుల ఇసుక దులుపుకుంట.
నా చేతుల కట్టె వంగింది.
హిలాల్ అరిచిండు.

మా నాయినది రెండెకరాల ఆరు గుంటలు.
తెల్లకాగితం మీద కొన్నడు.
నలుగురు సాక్షులు, ఒక వేలిముద్ర.
దున్నింది మేము. బోరేసింది మేము.
పహాణిల మాత్రం అమ్మినాయన పేరే,
ఆయన పోయినంక ఆయన కొడుకుల పేర్లు.
కబ్జా మాది, పట్టా వాళ్లది.
దరఖాస్తు మల్ల వాపసొచ్చిందని
పోయిన వారం జమున ఫోన్ల చెప్పింది.
సాక్షులల్ల ఒక్కడే బతికున్నడట,
ఆయనకేమో యాది లేదట.

రాత్రి క్యాంపుల, పైమంచం మీద
నా దస్తావేజు నేనే చదువుకున్న:
తూర్పు – లింబాద్రి కాళ్లు.
పడమర – సున్నం రాలే గోడ.
ఉత్తరం – ఏసీ, మూడింటికి బందైతది.
దక్షిణం – ఎవలియో చెప్పులు.
ఈ మధ్యన గల ఆరడుగుల పొడుగు,
రెండున్నర అడుగుల వెడల్పు
వీసా ఉన్నన్ని దినములు అనుభవించవలయును.
అమ్ముటకు గాని దానమిచ్చుటకు గాని
ఎట్టి హక్కు లేదు.

నిద్ర రాలే.
ముసలామె వేలే కండ్లల్ల తిరుగుతున్నది.
దిగ్గున లేసి ఫోన్ జేసిన.
అక్కడ పదకొండున్నర.
"జమునా, బోరు మీటరు
ఎవరి పేరు మీదున్నది?"
"ఇంత రాత్రి గిదేం సవాలు?"
"చెప్పరాదు."
"...మామ పేరే. ఎప్పటిదో రశీదు మీద చూసిన."
"తేదీ ఉంటది గద దాని మీద?
ఇరవై ఏండ్ల రశీదులు ఊకెనే వస్తయా
దున్ననోనికి?"

ఆమె ఏమనలే.
అడుగుల చప్పుడు.
సందుగ మూత కిర్రుమన్నది,
సముద్రం ఇవతలికి వినొచ్చింది.
కాగితాలు తిరగేస్తున్నది ఒక్కొక్కటి,
పెండ్లి పత్రిక, టీకాల కార్డు,
సదువుకుంట, పక్కకు పెట్టుకుంట.

నిద్రల లింబాద్రి కాళ్లు ముడుచుకున్నడు.
నా తూర్పు హద్దు
కొంచెం జరిగింది.